ఇరుసులో పగులు, మిగిలిన ఆయువు

ఉస్మానియా విశ్వవిద్యాలయానికి, తార్నాకకు చేరువలో, లాలాపేట్‌ను ఆనుకొని ఉన్న లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాప్‌ను నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1893లో నెలకొల్పింది. ప్రయాణికుల పెట్టెలు నేటికీ నిర్ణీత గడువులలో మరమ్మతుకు వచ్చే ఇటువంటి కార్ఖానాలలో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది ఇరుసును.

ఎద్దుబండిలో ఇరుసు కదలక చక్రమే తిరుగుతుంది. రైలుపెట్టెలో చక్రాలను ఇరుసుకు బిగించడం వల్ల రెండూ కలిసి తిరుగుతాయి కనుక, బరువుకు వంగిన ఇరుసు ఉపరితలంలోని ప్రతి బిందువూ చుట్టుకొకసారి సాగుతుంది, ఒకసారి నొక్కుకుంటుంది. కొత్త చక్రం వ్యాసం 915 మిల్లీమీటర్లు కాబట్టి, సికింద్రాబాదు నుంచి విశాఖపట్నానికి దాదాపు 700 కిలోమీటర్లు వెళ్లేసరికి ఇది సుమారు 2.4 లక్షల సార్లు జరుగుతుంది. ఒక్కసారికి లోహాన్ని ఏమీ చేయలేని ప్రతిబలం, అంటే లోహం లోపల ప్రతి చదరపు మిల్లీమీటరుపై పడే బలం, ఇలా లక్షల సార్లు పడి సన్నని పగులును పుట్టించి పెంచడమే లోహపు అలసట. 1842 మే 8న ఫ్రాన్స్‌లో వెర్సాయ్ నుంచి వస్తున్న రైలు ఇంజను ఇరుసు ఇలాగే విరిగి ఎందరో ప్రాణాలు కోల్పోయారు.

పగులు పెరిగే వేగానికి 1960లలో అమెరికా ఇంజనీరు పాల్ పారిస్ ఒక సూత్రం చూపాడు. ప్రతిబలాన్ని పగులు లోతు వర్గమూలంతో హెచ్చించగా వచ్చే విలువపై ప్రతిబల తీవ్రతా గుణకం ఆధారపడుతుంది. ఉక్కులో పగులు వేగం సుమారుగా ఈ గుణకపు హెచ్చుతగ్గుల ఘనాన్ని అనుసరిస్తుంది గనుక, గుణకం రెట్టింపైతే వేగం ఎనిమిది రెట్లవుతుంది. ప్రతిబలం మారదనుకొని, పగులు ఆకారపు ప్రభావాన్ని పక్కనపెట్టి లెక్కిస్తే, పగులు 1 మిల్లీమీటరు నుంచి 16కు పెరిగే కాలంలో మూడింట రెండు వంతులు అది 4 మిల్లీమీటర్లకు చేరేసరికే గడిచిపోతాయి. అంటే పగులు కంటికి స్పష్టంగా కనిపించేనాటికి ఆయువులో అధికభాగం ఖర్చయిపోయి ఉంటుంది.

చక్రం బిగించిన చోట సూక్ష్మమైన రాపిడి వల్ల పుట్టే పగులు బయటికి కనిపించదు. ఇరుసు కొస నుంచి అతిధ్వని తరంగాలను పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి దానిని పసిగడతారు. పగులు దొరకలేదన్న ఫలితానికి పగులే లేదని అర్థం కాదు, పరికరం పట్టుకోగల పరిమాణాన్ని మించినది లేదని మాత్రమే అర్థం. కాబట్టి మిగిలిన ఆయువుకు సరైన అంచనా పరీక్షకు చిక్కకుండా తప్పించుకోగల అతిపెద్ద పగులుతో మొదలై, ఇరుసు ఇక ఓర్చుకోలేని లోతు దగ్గర ముగియాలి. ఒక పరీక్షలో తప్పించుకున్న పగులు విరగడానికి ముందే మరో పరీక్షకు చిక్కేలా, రెండు పరీక్షల మధ్య గడువును ఈ పెరుగుదలకు పట్టే కాలంలో సగానికి మించనివ్వరాదు.