లైట్లు వెలిగాయి, అక్షరం పడలేదు: పాత కంప్యూటర్ కీబోర్డ్ వైరు పొడవు పెంచేదెలా?

మదనపల్లె నుంచి ఇంకో ఎపిసోడ్.

పోయిన వీడియో కింద కుప్పం తమ్ముడొకడు అడిగాడు. “అన్నా, మా ఇంట్లో పాత కంప్యూటర్ కీబోర్డ్ వైరు పొట్టిగా ఉంది. కోసి అతికిద్దామా?” ఆగు తమ్ముడూ, కత్తెర పక్కన పెట్టు. ముందు నా కథ విను.

పుంగనూరులో మా మామకు ఒకప్పుడు టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. అప్పటి 386 కంప్యూటర్ ఇప్పటికీ ఆన్ అవుతుంది. ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లల పేర్లన్నీ అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. ఇప్పుడు ఆయనకు నడుము నొప్పి, వంగి కూర్చోలేరు. కీబోర్డ్ ఒళ్లో పెట్టుకుందామంటే వైరు అందదు.

పాత పీసీ కీబోర్డ్ ప్లగ్ లావుగా, గుండ్రంగా, ఐదు పిన్నులతో ఉంటుంది. దాన్ని డిన్ ప్లగ్ అంటారు. 1981 నాటి ఐబీఎం పీసీకి కూడా ఇదే. 1987లో పీఎస్/2 మెషీన్లతో చిన్న ఆరు పిన్నుల ప్లగ్ వచ్చింది.

ఆర్కెస్ట్రాలో వాయించే ఫ్రెండ్ దగ్గర అచ్చం అలాంటి ప్లగ్ ఉన్న మిడి కేబుల్ దొరికింది. జాయింటర్ పెట్టి కలిపేశా. పవర్ ఆన్ చేస్తే కీబోర్డ్ మీద మూడు లైట్లూ మెరిశాయి. “అయిపోయింది మామా!” అన్నా. అంతలో స్క్రీన్ మీద కీబోర్డ్ ఎర్రర్! ఏ కీ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

ఎందుకంటే, పీసీ కీబోర్డ్‌లో 1వ పిన్ క్లాక్, 2 డేటా, 4 గ్రౌండ్, 5కి ఐదు వోల్టుల కరెంటు. చాలా మిడి కేబుళ్లలో 1, 3 పిన్నులకు వైరే ఉండదు. కరెంటు వెళ్లింది, లైట్లు వెలిగాయి. క్లాక్ మాత్రం వెళ్లలేదు. క్లాక్ లేకపోతే ఏ బిట్ ఎప్పుడు చదవాలో కంప్యూటర్‌కు తెలీదు.

మీ ఫోన్‌కూ ఇదే కథ. కొన్ని చీప్ కేబుళ్లతో చార్జింగ్ ఎక్కుతుంది కానీ ఫొటోలు కాపీ కావు. లోపల డేటా వైర్లు లేవంతే.

మరి ఏం చేయాలి?

ఒకటి, అసలు వైరు కోయొద్దు. ఐదు పిన్నులూ కలిసిన ఎక్స్‌టెన్షన్ కొనండి, లేదా ఒక చివర ప్లగ్, ఇంకో చివర సాకెట్ పెట్టి సోల్డర్ చేసుకోండి. షీల్డ్ ఉన్న ఐదు కోర్ల వైరు తీసుకోండి.

రెండు, రంగులు నమ్మొద్దు. ఒక్కో కంపెనీ ఒక్కో రంగు వాడుతుంది. పిన్నులు కూడా 1, 2, 3 వరుసలో ఉండవు. 1, 4, 2, 5, 3 అని ఉంటాయి. ప్లగ్ మీద నంబర్ చూసి కలపండి.

మూడు, కంప్యూటర్‌కు పెట్టకముందే మల్టీమీటర్‌తో చూడండి. 1కి 1, 2కి 2 బీప్ రావాలి. పక్క పిన్‌కు బీప్ వచ్చిందా, షార్ట్ ఉన్నట్టే. 4, 5 షార్ట్ అయితే మదర్‌బోర్డ్ మీది ఫ్యూజ్ పోవచ్చు.

నాలుగు, పవర్ ఆఫ్ చేశాకే ప్లగ్ పెట్టండి. యూఎస్‌బీ లాగా నడుస్తుండగా పీకి పెట్టేది కాదిది.

పొడవు గురించి భయం వద్దు. క్లాక్ సెకనుకు 10 వేల నుంచి 16 వేల సార్లే కొట్టుకుంటుంది. ఒకటి రెండు మీటర్లు పెంచినా ఇబ్బంది రాదు.

కొత్త వైరు పెట్టాక మామ కుర్చీలో వెనక్కి వాలి, కీబోర్డ్ ఒళ్లో పెట్టుకుని టైప్ చేశారు. నేను చేయించిన మొదటి పని, ఆ పేర్ల ఫైల్‌ను ఫ్లాపీలోకి కాపీ చేయడం.

కుప్పం తమ్ముడూ, మీటర్‌లో ఏ పిన్‌కు బీప్ వచ్చిందో కామెంట్‌లో రాయి. మళ్లీ కలుద్దాం, బై!