డ్రమ్ము బ్రేకులో జంట షూలు

పాత అంబాసిడరు వంటి కారు వెనుక చక్రము విప్పి, డ్రమ్మును ఊడదీసి చూచినప్పుడు, లోపలి రెండు షూలలో ఒకదాని లైనింగు రివెట్ల దాకా అరిగియుండగా రెండవదానిది ఇంకను మందముగనే ఉండుట ఆ కార్లను సాకినవారందరును ఎరిగినదే. ఒకే ద్రవపీడనము రెండింటిని త్రోయుచుండగా ఈ భేదమేలయని ఒక విద్యార్థి తరగతిలో అడిగెను. ఆ ప్రశ్నకు సమాధానము తెలిసినచో, 1902లో లూయీ రెనో రూపొందించిన ఈ సాధనము యొక్క గుణదోషములు రెండును తెలిసినట్లే.

షూ యొక్క ఒక కొన స్థిరమైన ఆధారమున ఆనియుండును. రెండవ కొనను వీల్ సిలిండరులోని పిస్టను బయటికి నెట్టును. తిరుగుచున్న డ్రమ్ము తన్ను తాకిన షూను తన దిశకే ఈడ్వజూచును. పిస్టను కొననుండి ఆధారము వైపునకు డ్రమ్ము తిరుగుచున్నచో, ఆ ఈడ్పు వలన, తలుపు క్రింద దోపిన చెక్క చీలిక తలుపును త్రోసినకొలది బిగియునట్లు, షూ డ్రమ్మునకు మరింతగా హత్తుకొనును. ఘర్షణయే ఘర్షణను పెంచును. ఇది లీడింగు షూ. ఎదుటనున్న ట్రెయిలింగు షూను అదే ఈడ్పు డ్రమ్మునుండి తొలగింపజూచును. కావున శ్రమలో అధికభాగము మొదటిదానిదే, అరుగుదలయు దానిదే. ఆపవలసిన చలనమునుండియే ఆపుటకు బలము గ్రహించు ఈ యుక్తి నాకెంతయు రమణీయముగ తోచును. ముందు చక్రములలో రెండు షూలను లీడింగుగనే అమర్చిన కార్లును కలవు. అట్టి కారు వెనుకకు నడుచునప్పుడు రెండును ట్రెయిలింగులై ఆ చక్రముల పట్టు సడలును.

అయితే పాదబలమును హెచ్చించు ఈ ధర్మమే లోపములను సైతము హెచ్చించును. ఒక ప్రక్క లైనింగునకు చమురు అంటినచో, ఆ స్వల్పభేదమే పెద్దదై, బ్రేకు వేసినంతనే కారు రెండవ ప్రక్కకు లాగును. పెడలు లోతుగ దిగి, రెండు మూడు మారులు త్రొక్కిన పిమ్మట పైకి వచ్చినచో షూలకును డ్రమ్మునకును నడుమ ఎడము పెరిగినదనియు, మెత్తగ అణగినచో గొట్టములలో గాలి చేరినదనియు, పాదమునకు అదురు తెలిసినచో డ్రమ్ము గుండ్రదనము చెడినదనియు ఊహింపవలెను. ఘాటు దిగుచుండగా పట్టు తగ్గుటకు కారణము, వేడిచే లైనింగు ఘర్షణ క్షీణించుటయు, డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమగుటయు.

చికిత్స ఈ సూత్రము ననుసరించియే సాగవలెను. గీతలుపడిన డ్రమ్మును దాని గరిష్ఠ వ్యాస పరిమితికి లోబడి మాత్రమే లేతు మీద తీయించవలెను. కారుచున్న వీల్ సిలిండరు రబ్బర్లను మార్చి గాలి తీయవలెను. చక్రము తిరుగనంత వరకు అడ్జస్టరును బిగించి, స్వేచ్ఛగ తిరుగునంత మాత్రమే వదలవలెను.

1953లో లె మాన్ పందెమున జాగ్వారు కారు డిస్కు బ్రేకులతో గెలిచిన పిదప, క్రమముగ ముందు చక్రములు డిస్కుల పరమయ్యెను; చిన్న కార్ల వెనుక చక్రములలో డ్రమ్ము నేటికిని నిలిచియున్నది.

పాత కార్ల యజమానులకు నా మనవి రెండే. ఒక ప్రక్క లైనింగు మార్చినచో అదే రకమును రెండవ ప్రక్కయు మార్పించుడు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును గనుక, డ్రమ్ములోని ధూళిని ఊదక తడిగుడ్డతో తుడిపించుడు.