గతజల సేతుబంధనం

పోయినదానికై వగచేవారిని చూసి మన పెద్దలు "గతజల సేతుబంధనమేల?" అంటారు. పారిపోయిన నీటికి ఆనకట్ట కట్టి ప్రయోజనమేమని దాని భావం. గతాన్ని మరచి ముందుకు సాగుమని విద్యార్థులకు చేసే ఉపదేశాలలో ఈ మాట తరచుగా వినవస్తుంది. కాని మన హైదరాబాదు చరిత్రలో, పారిపోయిన నీటికి నిజంగానే ఆనకట్టలు కట్టిన వృత్తాంతం ఒకటి ఉన్నది. గతాన్ని విడవడమంటే ఏమిటో అది ఉపదేశాలకంటె స్పష్టంగా బోధిస్తుంది.

1908 సెప్టెంబరు 28న మూసీనది నగరాన్ని ముంచివేసింది. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళాలు, 48 గంటలలో 18.9 అంగుళాలు వర్షం కురిసింది. ఆనాడు నదీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుండేవి. అంటే ఇంచుమించు చదరపు మైలుకొకటి. వాటిలో 221 చెరువులు తెగాయి. ఎగువ చెరువు తెగి దిగువ చెరువుపై పడగా, ఆ నీరంతా ఒక్కుమ్మడిగా నగరంపైకి వచ్చింది. వంతెనలు కొట్టుకుపోయాయి. మృతుల సంఖ్యను సుమారు 15 వేలని అంచనా వేశారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు నెక్కి 150 మంది వరకు ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వృక్షం నేటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. చూడని విద్యార్థులు వెళ్లి చూడవలసినదే.

అప్పటి ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని ఆహ్వానించింది. ఆయన బొంబాయి ప్రభుత్వోద్యోగం విడిచి విదేశ పర్యటనలో ఉన్నారు. 1909లో హైదరాబాదు వచ్చి, మొట్టమొదట పోయిన నీటిని కొలిచే పనికి పూనుకున్నారు. వర్షపాతం లెక్కలు, తెగిన చెరువుల లెక్కలు సేకరించి, వరద తారస్థాయిలో సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల నీరు ప్రవహించినదని తేల్చారు. ఆ అంకెలు లేకుంటే ఆనకట్ట ఎంత ఎత్తు ఉండాలో ఎవరు చెప్పగలరు? శోకించినంత మాత్రాన అంకెలు రావు, మరచిపోయినా రావు. ఆ లెక్కల ఫలితంగానే మూసీపై 1920లో ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీపై 1927లో హిమాయత్‌సాగర్ వెలిశాయి. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. నదీతీరంలో హైకోర్టు, ఆసుపత్రి సౌధాలు నిలిచాయి. అన్నిటికంటె విశేషం, ప్రాణాలు తీసిన నీరే తరువాత కుళాయిల ద్వారా నగరవాసుల దాహం తీర్చింది. గండిపేట నీరు త్రాగినవాడు హైదరాబాదు విడిచి పోలేడన్న నానుడి అందరూ ఎరిగినదే!

పని ఒక్కనాటితో ముగియలేదన్నది గమనార్హం. వరదకు, రెండవ జలాశయానికి నడుమ 19 సంవత్సరాలు గడిచాయి. ఆరంభించిన ప్రభువు 1911లోనే మరణించాడు. కాని ఆ చెరువుల లెక్కను తరువాతి తరాలవారు అంత శ్రద్ధగా గుర్తుంచుకోలేదు. 2020 అక్టోబరు వర్షాలకు కొన్ని చెరువుల గట్లు తెగి, పాతబస్తీలోని కాలనీలు నీట మునిగాయి.

నగరం సంగతి సరే, మనిషి సంగతి ఏమిటి? ఇళ్లను మళ్లీ కట్టవచ్చు. మనుషులను తిరిగి తేలేము. ఆ వరదలోనే ఉర్దూ మహాకవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను కోల్పోయారు. తానొక్కరే బ్రతికి బయటపడ్డారు. ఆయన ఆ రాత్రిని దాచిపెట్టలేదు. 'ఖయామతె సుగ్రా', అనగా చిన్న ప్రళయం, అనే కావ్యంగా వ్రాశారు. తరువాత ప్రభుత్వ లెక్కల కార్యాలయంలో ఉద్యోగం చేశారు, మరల వివాహం చేసుకున్నారు, హజ్ యాత్ర చేసి దానిని గురించి గ్రంథం వ్రాశారు. ఆయనకు చిరకీర్తి తెచ్చినవి మాత్రం రుబాయీలు, అనగా నాలుగు పాదాలలో ముగిసే పద్యాలు. దైవచింతన, మానవ జీవితపు అస్థిరత వాటిలోని ప్రధాన విషయాలు. సర్వస్వం కోల్పోయినవాడు అంత నిబ్బరంగా వ్రాయడం నాకు ఆనకట్టలకంటె ఆశ్చర్యంగా తోస్తుంది. వరద తరువాత ఐదు దశాబ్దాలకు పైగా జీవించి, ఆయన 1961లో కన్నుమూశారు.

ఉర్దూ విద్యార్థులకు అమ్జద్ కొత్త కాదు. తెలుగు విద్యార్థులలో ఆయన పేరు విన్నవారు బహు తక్కువ. ఉర్దూ మిత్రులు ఏదైనా ఒక సాయంకాలం నాలుగు రుబాయీలు చదివి, అర్థం చెప్పి వినిపిస్తే, వినడానికి మేము సిద్ధంగా ఉన్నాము.