మంచుకొండకు రైలులోనా, కారులోనా?

ఫిబ్రవరిలో బడులకు వారం రోజులు సెలవు అనగానే పిల్లలు స్కీయింగు పాట మొదలెడతారు. క్రిందటి ఫిబ్రవరిలో మా ఇంట ఆ పాటకు ఇంకొక చిక్కు తోడైంది. తెనాలి నుంచి వచ్చిన పిల్లల నాయనమ్మ విమానం దిగింది మొదలు చెవిపోటుతో బాధపడి, “మళ్ళీ మన ఊరు వెళ్ళేటప్పుడే విమానం ఎక్కేది” అని తేల్చి చెప్పారు. ఆవిణ్ణి ఒంటరిగా ఇంట్లో వదలి వెళ్ళడం మాకు ఇష్టం లేదు. నేల మీద వెళ్ళే దారులు వెదకడం అలా మొదలైంది. మాలాంటి కుటుంబాలు మన సంఘంలో ఇంకా ఉంటాయని ఆ వివరాలు ఇక్కడ వ్రాస్తున్నాము.

విమానంలో గంటన్నరే గదా అంటారు. మేమూ అలాగే అనుకుని మూడేళ్ళ క్రితం వెళ్ళాము. ఇంటి నుంచి విమానాశ్రయానికి ప్రయాణం, అక్కడ రెండు గంటల నిరీక్షణ, దిగాక సామాను కోసం నిలబడడం, ఆ పైన శనివారపు రద్దీలో కొండ ఎక్కే బస్సు. అన్నీ కలిపితే ఆ రోజు పన్నెండు గంటలు పట్టింది.

రైలు దారి ఇలా ఉంటుంది. లండన్ సెయింట్ పాంక్రాస్‌లో యూరోస్టార్ ఎక్కితే రెండుంబావు గంటల చిల్లరలో పారిస్ గార్ దు నార్. అక్కడ భూగర్భ రైలు ‘డి’ మార్గంలో రెండో స్టేషనే గార్ ద లియోన్. స్టేషను మారడానికి గంటన్నర చేతిలో ఉంచుకోవాలి. పెద్దవాళ్ళుంటే టాక్సీ మేలు. అక్కడ టీజీవీ ఎక్కితే సుమారు అయిదు గంటల్లో బూర్-సాఁ-మోరిస్. స్టేషను పక్కనే తాళ్ళతో లాగే కొండరైలు ఏడు నిమిషాల్లో ఆర్క్ 1600కు చేరుస్తుంది. బస్సు పనే లేదు. సామాను తూకం వేసేవారు లేరు గాని మోసేది మనమే. స్కీలు, బూట్లు అక్కడే అద్దెకు దొరుకుతాయి. టిక్కెట్లు మాత్రం అమ్మకం మొదలైన రోజుల్లోనే కొనాలి. ఆలస్యమైతే ధర విమానాన్ని మించుతుంది.

కారు దారి కూడా లెక్క వేశాము. ఫోక్‌స్టన్‌లో కారుతో సహా రైలెక్కితే 35 నిమిషాల్లో సొరంగం దాటి కలే. అక్కణ్ణించి ఆల్ప్స్‌కు తొమ్మిది వందల కిలోమీటర్ల పైమాటే. త్రోవలో రాన్స్‌లోనో, త్రువాలోనో ఒక రాత్రి ఆగడం మంచిది. టోలు రుసుములు, పెట్రోలు, రాత్రి బస కలుపుకున్నా నలుగురైదుగురున్న కుటుంబానికి కారే చౌక కావచ్చు. అయితే 2021 నవంబరు నుంచి ఫ్రాన్సులో నిర్ణయించిన కొండప్రాంతాల్లో నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు మంచు టైర్లుగాని, గొలుసులుగాని తప్పనిసరి. కారులో ముక్కోణపు హెచ్చరిక గుర్తు, మెరిసే జాకెట్టు ఉండాలి. వెనుక అంటించే ‘జీబీ’ గుర్తు 2021 సెప్టెంబరు 28 నుంచి చెల్లదు, ‘యూకే’ కావాలి. ఏ రోజున రోడ్లు కిక్కిరిసేదీ ‘బిజోఁ ఫ్యూతే’ అనే ప్రభుత్వ సేవ రంగుల్లో ముందే చెబుతుంది. ఆ పేరుకు గడుసు అడవిదున్న అని అర్థమట! నలుపు రంగు పడిన శనివారం ఇల్లు కదలకండి.

ఏ దారిన వెళ్ళినా కాగితాలు ముఖ్యం. బ్రిటిష్ పాస్‌పోర్టుకు తొంభై రోజుల వరకు వీసా అక్కరలేదు. భారత పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా కావాలి. చూడడానికి వచ్చిన పెద్దలు సాధారణంగా ఇండియాలోనే తీసుకుని రావాలి. నాయనమ్మ చేత హైదరాబాదులోనే దరఖాస్తు పెట్టించాము గనుక సరిపోయింది. లేకుంటే మా ఆలోచనలన్నీ గాలిలో కలిసేవి. ఎముక విరిగితే ఆస్పత్రికి ఆరోగ్యకార్డు కొంత ఆదుకుంటుంది గాని, కొండ మీద నుంచి దించే ఖర్చు అది భరించదు. మంచుక్రీడలకు విడిగా బీమా చేయించండి.

ఇక గృహిణులకు ఒక మాట. 2021 జనవరి నుంచి ఇక్కడి పాలపదార్థాలను, మాంసాన్ని యూరపులోకి తీసుకుపోనివ్వరు. నేతిడబ్బా, పెరుగు ఇంట్లోనే వదిలెయ్యండి. మేము ఆవకాయ, కందిపొడి మాత్రం పట్టుకెళ్ళి, వెన్న అక్కడే కొని నెయ్యి కాచుకున్నాము.

ఉదయం ఏడింటికి ఇల్లు వదిలి, రాత్రి ఎనిమిదింటికి బస చేరాము. విమానం కన్నా ఒక గంట ఎక్కువ. ఆ గంటకు బదులుగా పిల్లలు నాయనమ్మ పక్కన కూర్చుని దారి పొడుగునా కబుర్లు విన్నారు, కిటికీలోంచి కొండలు రావడం చూశారు. ఏటా ఇండియాకు విమానం తప్పదు. వారం రోజుల సరదాకైనా ఆ పొగ కొంత తగ్గించామన్న తృప్తి కూడా మిగిలింది.

మర్నాడు తలుపు తీసి చూసి నాయనమ్మ, “ఇంత ముగ్గుపిండి ఎవరు ఒలకబోశారర్రా?” అన్నారు. ఆ మాట వినడానికే వెళ్ళామనుకుంటున్నాము.

ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ దారులు తెలిసిన సభ్యులు తమ అనుభవాలు వ్రాసి పంపితే, వచ్చే చలికాలానికి అందరికీ ఉపయోగపడతాయి.