అనుభవశాలికి ఇంటర్వ్యూ

పదేండ్లు పనిచేసినవారు కన్సల్టింగు సంస్థల ఇంటర్వ్యూకు పోవునపుడు అనుభవమొక్కటే చాలునని తలంచుట కద్దు. అచట తరచు ఒక వ్యాపార సమస్య నిచ్చి పరిష్కరింపుమందురు.

గూడూరు నిమ్మకాయల వర్తకునికి లాభము పోయినదనుకొందము. అనుభవశాలి వెంటనే ధర పడిపోయి యుండుననును. మనము ముందుగా రాబడిని, ఖర్చును వేరుచేసి చూతము. బస్తా 900 రూపాయల వంతున 100 బస్తాలు కొని, 1,000 వంతున అమ్మబూనెననుకొందము. దారిలో 10 బస్తాలు క్రుళ్ళినచో చేతికి వచ్చునది 90,000, పెట్టినదియు అంతే. లారీ కిరాయి, కూలి నష్టము. ధర పడకయే లాభము పోయినది.

ఇట్టి లెక్కలను మిత్రుని యెదుట పైకి చెప్పుచు సాధన చేయవలెనని మా మనవి. పూర్వోద్యోగమును గూర్చి అడిగినపుడు అందరి పనిని గాక, అందు తన వంతెంతయో చెప్పవలెను. తెలిసినదానిని కొంతసేపు ప్రక్కనుంచి ప్రశ్న వేయగలవాడే సలహాకు అర్హుడు.