కృతియు, దాని పాఠములును

డబ్లిన్ కోర్ అను గ్రంథవివరణపద్ధతి 1995లో అమెరికాయందలి ఒహాయో రాష్ట్రపు డబ్లిన్ పట్టణమున జరిగిన సభలోఁ బుట్టినది. దానియందిపుడు శీర్షిక, కర్త, తేది మొదలగు 15 అంశములు గలవు. పరిశోధనవ్యాసముల కవి చాలవు. ఒకే వ్యాసము పరీక్షకులు చూడకమున్ను ఒక పాఠముగను, దిద్దిన పిదప వేఱొకటిగను, పత్రికలో నచ్చుపడి మఱొకటిగను నుండును. డిజిటల్ భాండాగారమున మూఁడును జేరినచో నా తేది యే పాఠమునకుఁ జెందును? ప్రమాణముగా నుదాహరింపఁదగిన దేది?

2006లో బ్రిటనున రూపొందిన స్వాప్ పద్ధతి యీ చిక్కును విడఁదీసినది. కృతి, పాఠము, ఆకృతి, ప్రతి యని నాలుగంతస్తులను గల్పించి, కర్తను గృతియందును, భాషను, పరీక్షాస్థితిని బాఠమునందును, ఫైలురూపము నాకృతియందును నిలిపినది. స్ఫోట మొక్కటియే, ధ్వనులు పెక్కు లనెడి వైయాకరణుల కీ విభాగము క్రొత్తగాఁ దోఁపదు. అయినను వ్యాసము సమర్పించువా రిన్ని గళ్ళు నింపుదురా యనునది సందేహమే. తక్కినవి కొన్ని విడిచినను విడువవచ్చును; పరీక్షాస్థితి గడి ఖాళీగా నున్నచో, పరీక్షింపఁబడని పాఠమునే చదువరి ప్రమాణముగాఁ గొనును.