జున్ను వణుకు, గడ్డ గట్టిదనం

రొమ్ములో గడ్డ ఉందని డాక్టరు దగ్గరికి వెళితే మొదటి పరీక్ష వేళ్లతోనే. గట్టిగా ఉందా, మెత్తగా ఉందా, వేళ్ల కింద జారుతోందా అని చూస్తారు. క్యాన్సర్ గడ్డ చుట్టూ కొల్లాజెన్ పోగులు పేరుకుని, ఒకదానితో ఒకటి ముడిపడి బిగుసుకుంటాయి. చేతికి తగిలే గట్టిదనం చాలావరకు అదే. అయితే లోతున దాగిన చిన్న గడ్డ వేలికి అందదు. మామూలు అల్ట్రాసౌండ్ ఆకారం చూపిస్తుంది గానీ గట్టిదనం చెప్పదు.

ఆ లోటు తీర్చడానికి వచ్చిందే ఎలాస్టోగ్రఫీ. 1991లో అమెరికాలోని హ్యూస్టన్‌లో జోనథన్ ఓఫిర్ బృందం దీనికి దారి వేసింది. ఒంటికి ఆనించే అల్ట్రాసౌండ్ ప్రోబ్‌తో కొంచెం నొక్కి, నొక్కక ముందు బొమ్మనూ తర్వాతి బొమ్మనూ పోల్చడం వారి పద్ధతి. మెత్తనిది అణుగుతుంది, గట్టిది అంతగా అణగదు. చిక్కల్లా, నొక్కుడు చేతిని బట్టి మారుతుంది.

తర్వాత వచ్చిన షియర్ వేవ్ పద్ధతి అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. జున్ను గిన్నెను ఒక పక్క తట్టి చూడండి, వణుకు అవతలి అంచుదాకా పాకుతుంది. జున్ను గట్టిదైతే ఆ వణుకు ఇంకా త్వరగా పరుగెడుతుంది. యంత్రం చేసే పనీ ఇదే. ధ్వని తరంగాలను ఒకచోటికి చేర్చి కణజాలాన్ని లోపలే చిన్నగా తోస్తుంది. అక్కడ పుట్టిన అల పక్కలకు సాగుతుంది. అల్ట్రాసౌండ్ ఒంట్లో సెకనుకు సుమారు 1,540 మీటర్లు పోతే, ఈ అల పోయేది కొద్ది మీటర్లే. అందుకే సెకనుకు వేల బొమ్మలు తీసి దాని నడకను పట్టుకోగలుగుతున్నారు. వేగాన్ని వర్గం చేసి 3తో హెచ్చిస్తే గట్టిదనం కిలోపాస్కల్‌లలో తేలుతుంది. సెకనుకు 3 మీటర్లైతే 27, 5 మీటర్లైతే 75. ఈ గట్టిదనాన్ని తెర మీద రంగులుగా చూపిస్తారు; నీటిలో ఈ అల సాగదు గనుక నీటితిత్తి దగ్గర రంగే పడదు.

ఈ అంకె అసలు అక్కరకొచ్చేది అనుమానం బలంగా లేని, అలాగని వదిలేయనూ లేని గడ్డల విషయంలో. 939 గడ్డలను పరిశీలించి 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మామూలు అల్ట్రాసౌండ్‌కు గట్టిదనపు రంగుల పటాన్ని జోడించి చూశారు. క్యాన్సర్ కానివాటిని కాదని గుర్తించగలగడం నూటికి 61 నుంచి 78కి పెరిగింది. అంటే ఆ పెరిగిన మేరకు స్త్రీలకు సూది గుచ్చి ముక్క తీయాల్సిన అవసరం తప్పుతుందన్నమాట. ఫలితం వచ్చేదాకా నిద్రలేని రాత్రులు గడిపిన ఇళ్లకు దాని విలువ తెలుసు.

కానీ మెత్తగా ఉన్నంత మాత్రాన గడ్డ నిర్దోషి కాదు. జిగురుతో నిండిన మ్యూసినస్ క్యాన్సర్ మెత్తగా ఉండవచ్చు. సున్నం పేరుకున్న ఫైబ్రోఅడినోమా హాని లేనిదైనా రాయిలా ఉంటుంది. ప్రోబ్‌ను అదిమిపెడితే మంచి కణజాలమూ గట్టిగా కనిపిస్తుంది. అందుకే జెల్ దండిగా రాసి, చేతి బరువు పడకుండా ఆనించాలి.

కాబట్టి రంగుల బొమ్మలో గడ్డ మెత్తగా కనిపించినా, డాక్టరు ముక్క పరీక్ష చేయించమంటే వెంటనే చేయించుకోండి. నొప్పి లేదు కదా అని అసలు ఆగకండి. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు.